కేళీ మొక్కలు

బియ్యం చెరుగుతున్న చేట ఒళ్ళో పెట్టుకుని ప్రసన్నకుమారి ఫోను తీసింది. అవతల శాలిని, వరి పరిశోధన కేంద్రంలో పనిచేసే అమ్మాయి.

"మీరిచ్చిన గింజలు మొలిచాయండీ. ఆకు తీసి డీఎన్ఏ చూశాం. మీ చేలో వేసిన రకంలో లేని తేడా ఒకటుంది. నీట మునకను తట్టుకునే గుణం అందులోనే ఉందేమోనని మా ఆశ. దీంతో కొత్త రకం తయారుచెయ్యొచ్చు. కానీ మొక్కలన్నీ ఒక్కలా రాలేదు. మీరు చేలో చూసినవాటిలా ఉన్నవి ఏవో వచ్చి చూపించాలి. ఇవాళ రాగలరా?"

"వస్తానండీ," అనేసింది.

విత్తనాల చేలో తేడాగా కనబడే మొక్కల్ని కేళీలంటారు. వాటిని ఏరి పీకెయ్యాలి. ఆ పని ఎప్పుడూ ఆడవాళ్ళదే, ఇంటి మనిషి కాబట్టి ప్రసన్నకు కూలీ ఉండదు. రెండేళ్ళ కిందట గట్టువార మొదలు ఊదారంగు తిరిగిన మూడు దుబ్బుల్ని ఎందుకో పీకబుద్ధి కాలేదు. "నీకసలు కళ్ళున్నాయా?" అన్నాడు భర్త జీవన్, కూలీలందరి ముందూ. మర్నాడు పీకేద్దామనుకునేలోపు వాన పట్టుకుంది, కొల్లేరు పొంగింది. పన్నెండు రోజులు చేను నీళ్ళలోనే ఉంది. నీరు తీశాక అంతా కుళ్ళిపోయింది, ఆ మూడు దుబ్బులు తప్ప. రోజూ వెళ్ళి చూసుకుని, పండాక గింజలు దూసి సీసాలో దాచింది. "కేళీలకి కాపలా," అని ఇంట్లో నవ్వుకున్నారు.

ఫోను మాటలు విన్న జీవన్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాడు. "నేను వెళ్తాలే. పొలం నాది, ఆ రకానికి పేరూ నాదే రాయించాలి. పెద్దవాళ్ళ ముందు నీకు మాట పెగలదు."

అదీ నిజమే. అయినా అడిగింది. "ఏవండీ, ఎన్ని దుబ్బులు బతికాయో చెప్పండి."

"నాలుగో, ఐదో. ఇదేమన్నా పరీక్షా?"

"పరీక్షేరా," అంది గుమ్మం పక్కనుంచి అత్తగారు విజయకుమారి. "ముప్పై ఏళ్ళు కేళీలు తీశాను. నువ్వేం చూశావని ఒక్కళ్ళూ నన్నడగలేదు." కోడలి ఒళ్ళోంచి చేట తీసుకుంది. "బియ్యం నేను చూస్తాలే అమ్మా."

ప్రసన్న లేచి చేతులు కడుక్కుంది. శాలినికి ఇవ్వగా మిగిలిన గింజల సీసా సంచిలో పెట్టుకుంది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ జీవన్ ఆమె ముఖంలోకి చూసి కాస్త పక్కకు జరిగాడు. చెప్పులేసుకుని ఆమె బస్సు వచ్చే దారి పట్టింది.