విలన్ చేతిలో ఊలు

శనివారం మధ్యాహ్నం హెలెన్ ముందుగదిలో సోఫా మీది దుప్పటిని రెండోసారి దులిపి పరిచింది. దులపవలసినంత దుమ్మేమీ లేదు. చేతులు ఊరుకోక చేసిన పని.

"నాగేశ్వరి వాళ్ళింట్లో రంగులు వేస్తున్నారటండీ. ఈ వారం అందరూ మనింటికే వస్తున్నారు," అని పొద్దున్నే భర్తకి చెప్పింది. శాంతరాజు తలూపాడు. ఇప్పుడు లిఫ్టు చప్పుడు వినగానే పేపరు మడిచి, పడగ్గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

నిరుడు వానాకాలంలో గొంతుకి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఇదే వరస. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. గొంతు మాత్రం పోయింది, గుసగుస మిగిలింది. ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టుండే ఆ గుసగుసని హెలెన్ తప్ప ఇంకెవరూ వినలేదు. చర్చి నుంచి పాస్టరుగారు వచ్చినా ఆయన ఆమె చెవిలో చెప్పేవాడు, ఆమె పైకి చెప్పేది. ముప్ఫై ఏళ్ళు సినిమాల్లో విలన్లకి గొంతిచ్చిన మనిషి! తెర మీద ఎవరో మీసం దువ్వుతూంటే, హాలు దద్దరిల్లేది ఈయన కేకతో. ఒక్కసారి, ఒక్క మనిషితో, తను మధ్యలో లేకుండా ఈయన మాట్లాడితే చాలునని హెలెన్ రోజూ ప్రార్థన చివర కలుపుకుంటూనే ఉంది.

ముగ్గురూ కలిసే వచ్చారు. గుడి అర్చకుల ఇంటావిడ జ్ఞానప్రసూనాంబకి డెబ్బై దాటాయి, నోటికి మాత్రం పాతికే. నాగేశ్వరిది బోరబండలో టైలరింగ్ షాపు. వర్ణిక స్టుడియోలో కాస్ట్యూమ్స్ అసిస్టెంటు. ఫోన్లో వీడియోలు చూసి అల్లిక మీద మోజుపడి, ఈ మధ్యే వీళ్ళ జట్టులో చేరింది. ప్రభుత్వాసుపత్రిలో పుట్టే పసిపిల్లలకి టోపీలు అల్లి ఇవ్వడం వీళ్ళ శనివారాల పని. కబుర్లు అసలు పని.

"ఆంటీ, ముందు ఇది చూడండి," అంటూ వర్ణిక ఫోను చాపింది. చేతుల్లేని బనీను వేసుకున్న కండల కుర్రాడొకడు రైల్లో కూర్చుని స్వెటర్ అల్లుతున్నాడు.

"ఏమున్నడే పోరడు!" అంది నాగేశ్వరి. "గా చేతుల దండలు చూడు. గిసుంటోడు ఎదురుంగ కూసుంటే నేను టోపీ కాదు, దుప్పటే అల్లేస్త."

జ్ఞానప్రసూనాంబ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "కండలు సరే, ఆ సూది పట్టుకోవడం ఏవిటే, పులుసులో గరిటె తిప్పుతున్నట్టు? వీడు వీడియో కోసం అల్లుతున్నాడు, చలికి కాదు."

"అందాన్ని చూడమంటే అల్లిక చూస్తారేంటి మామ్మగారూ!"

"వేళ్ళలోనే ఉంటుందే అందం. మా ఆయన దేవుడికి మాల కడుతూంటే ఆ వేళ్ళు చూస్తూ చూస్తూనే నలుగుర్ని కన్నాను."

నాగేశ్వరి చేతిలో ఊలుండ జారి సోఫా కిందికి దొర్లింది. నవ్వు ఆపుకోలేక అలాగే వంగి వెతుక్కుంది.

ఇక ఆట మొదలైంది. ఏ హీరో చేతికి ఊలిస్తే ఎలా ఉంటాడు? ఒకడు గడ్డం గీసుకుంటే బాగుంటాడు. ఇంకొకడు ఫరవాలేదు గాని నోరు తెరవకూడదు.

"మీకు తెలీదు," అంది వర్ణిక. "హీరో అల్లడు. ఆయన గొడుగు కింద కూర్చుంటారు, మేం నలుగురం పక్కన అల్లుతాం. లాస్ట్‌లో సూది పట్టుకుని క్లోజప్ ఇస్తారు."

"మీ హీరోలు మీరే ఉంచుకోండి. నాకు విలన్ కావాలి," అంది జ్ఞానప్రసూనాంబ. "వెనకటికి ఒక సినిమాలో, ఊరి జనాన్నంతా వరసగా నిలబెట్టి అంటాడు చూడూ, పేర్లు అడగను, తలలు లెక్కపెడతాను అని. వాడి మొహం గుర్తులేదు గాని, అబ్బ, ఏం గొంతే అది! అలాంటివాడు పక్కన కూర్చుని ఊలు చుడుతూంటే..."

"అది మీమ్స్‌లో ఉంటుంది మామ్మగారూ!" వర్ణిక లేచి నిలబడి, సూది కత్తిలా ఎత్తింది. "పేర్లు అడగను తలలు లెక్కపెడతాను!"

"అల్లెటోళ్ళకి తలలెందుకే?" అంది నాగేశ్వరి. "గిట్ల చెప్పాలె. పేర్లడుగ. కుట్లు లెక్కవెడ్త. ఒక్కటి తక్కువైనా ఊకోను బిడ్డా!"

హెలెన్ కూడా నవ్వింది. నవ్వుతూనే పడగ్గది తలుపు వైపు చూసింది. శాంతరాజు సినిమాల్లో డబ్బింగ్ చెప్పేవాడని పెద్దవాళ్ళిద్దరికీ తెలుసు. ఆ గొంతు ఆయనదేనని తెలియదు. తెర మీద పేరు పడని పని మరి.

ఆ డైలాగు ఎక్కడ పుట్టిందో హెలెన్‌కి తెలుసు. మద్రాసు నుంచి సినిమా వాళ్ళంతా ఇటు వచ్చేస్తున్న రోజులవి. రహమత్ నగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. వరసగా మూడు సినిమాలకి అరిచి అరిచి శాంతరాజు గొంతు బొంగురుపోయింది. నెల్లాళ్ళు పెదవి విప్పవద్దన్నాడు డాక్టరు. మాట్లాడకుండా కూర్చోవడం చేతకాక ఆయన గదిలో పులిలా తిరుగుతూంటే, హెలెన్ రెండు సూదులూ ఎర్ర ఊలూ చేతిలో పెట్టింది. పక్కన కూర్చుని, నోటితో కాక వేళ్ళతోనే నేర్పింది. కరెంటు పోయిన సాయంత్రాల్లో ఇద్దరూ గడప మీద మోకాళ్ళు ఆనించుకుని అల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. అంత మాటల్లేని నెల వాళ్ళ కాపురంలో మరొకటి లేదు. అంత తీపి నెల కూడా.

తరవాత డబ్బింగ్ థియేటర్‌కి వెళ్ళినా ఆయన సంచిలో ఊలు ఉండేది. తన వంతు వచ్చేదాకా నడవాలో కూర్చుని అల్లేవాడు. హీరోయిన్లకి గొంతిచ్చే అమ్మాయిలు చుట్టూ చేరి, "అన్నయ్యగారూ, లోపల మమ్మల్ని చంపేసి బయట మాకు మఫ్లర్లు అల్లుతారా?" అని ఆటపట్టించేవారు. ఒకరోజు క్యారియర్ పట్టుకెళ్ళి హెలెన్ ఆ దృశ్యం చూసింది. ఒళ్ళు మండింది, గర్వంగానూ ఉంది. ఆ డైలాగుకి పెదవుల కదలిక కుదరక అందరూ తలలు పట్టుకున్నది అప్పుడే. "అడగను తరవాత ఒక కుట్టు ఆగాలి హెలెన్, సూది మీంచి సూది మీదికి పోయేంతసేపు," అన్నాడు ఆ రాత్రి అన్నం తింటూ. మర్నాడు ఒక్క టేకులో అయిపోయింది.

"పేర్లు అడగను తలలు..." వర్ణిక ఈసారి మరీ తొందరగా అనేసింది.

పడగ్గది తలుపు తెరుచుకుంది.

మెడకి తువ్వాలు చుట్టుకుని శాంతరాజు గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వర్ణికనే చూస్తూ పెదవులు కదిపాడు. హెలెన్ చెవికి అందింది. 'ఆగాలమ్మా.' పైన ఫ్యాను గరగరలో ఇంకెవరికీ అందలేదు.

"ఏంటి అంకుల్? వినపడలేదు," అంది వర్ణిక.

ఆయన ముఖం ఎర్రబడింది. కుడికాలు అరడుగు వెనక్కి పడింది. హెలెన్ నాలుక చివరిదాకా వచ్చింది, 'ఆగమంటున్నారు' అని. అదొక్క మాట అంటే ఆయన తేలిగ్గా లోపలికి వెళ్ళిపోతాడు, మళ్ళీ తలుపు పడిపోతుంది. కింది పెదవిని పంటితో నొక్కిపట్టి తల వంచుకుంది. తన టోపీలో తను ఏం అల్లుతోందో తనకే తెలియలేదు.

నాగేశ్వరి లేచి ఫ్యాను ఆపేసింది. "జర మల్ల చెప్పుండ్రి అన్నా," అని కూర్చుంది.

కింద రోడ్డు మీద ఆటో ఒకటి పోయింది. తరవాత ఆయన నడిచి వచ్చి, వర్ణిక పక్కన సోఫా అంచున కూర్చుని, ఆమె చేతిలోని సూదులు తీసుకున్నాడు. వేళ్ళు మొదట తడబడ్డాయి. ఊలు చూపుడువేలికి చుట్టుకున్నాడు.

"పేర్లు అడగను," అన్నాడు, ఎండుటాకుల గొంతుతో.

సూది మొన ముందుకి వచ్చింది, ఊలు చుట్టుకుంది, కుట్టు అవతలి సూది మీదికి దాటింది.

"తలలు లెక్కపెడతాను."

వర్ణిక చేతుల మీద రోమాలు లేచాయి. "అంకుల్... అది మీరా?"

శాంతరాజు తలూపబోయి, ఆగి, "నేనే," అన్నాడు.

ముందుగా తేరుకున్నది జ్ఞానప్రసూనాంబ. "ఏమే హెలెన్! ఇందాకట్నుంచీ మేం ఫోన్లో మగాళ్ళని వెతుక్కుంటూంటే, నువ్వు అసలు సరుకుని లోపల పెట్టి తలుపేసుకున్నావా?"

"ఇన్ని దినాలు నీకొక్కదానికే చెవుల చెప్పిండా? మంచిగనే ఉన్నది నీ ముచ్చట," అంది నాగేశ్వరి.

హెలెన్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. టీ పెడతానని లేచి వంటింట్లోకి వచ్చేసింది. పాలు పొయ్యి మీద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముందుగదిలో చప్పుడు లేదు. అందరూ మెడలు చాచి వింటున్నారని అర్థమైంది. ఉన్నట్టుండి ముగ్గురూ ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. జ్ఞానప్రసూనాంబ అయితే దగ్గు తెర వచ్చేలా నవ్వుతోంది.

"ఏమన్నారు? ఏమన్నారండీ?" హెలెన్ వంటింట్లోంచే అడిగింది.

ముగ్గురూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పాలు పొంగాయి. ఆమె పొయ్యి తగ్గించి, టీ వడకట్టే జల్లెడ చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"ఏమన్నారో నాక్కూడా చెప్పండే!"