ఆవలింతకో పేజీ

ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల కబుర్లు ఇక చాలించండి, కాళ్ళు ముడుచుకుంటే ఇంకో నలుగురికి చోటొస్తుంది. నోళ్ళు మూశారా? అయితే వినండి.

ఒక రచయిత ఉండేవాడు. వీధిలో అందరూ కొట్టివేతల బాబు అనేవాళ్ళు. పదేళ్ళు కూర్చుని తొమ్మిది వందల పేజీల నవల రాశాడు. దాన్ని దిద్దడానికి ఇంకో నాలుగేళ్ళు. దిద్ది దిద్ది నిద్రలో కూడా అతని చెయ్యి దుప్పటి మీద అడ్డగీతలు గీసేది.

ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోలేక, చివరికి అక్కనే నమ్ముకున్నాడు. అక్క ముందుగదిలో బట్టలు కుట్టేది. మధ్యాహ్నాలు ఆమె మిషను తొక్కుతుంటే, ఇతను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చదివేవాడు. ఆమె ఆవలిస్తే ఆ పేజీ తీసేయడమే. ఈ సంగతి ఆమెకి చెప్పలేదు. చెబితే మొహమాటానికి ఆవలింత ఆపుకుంటుందని భయం.

అక్క ఆవలింత అంటే అల్లాటప్పా కాదు. నోరు తెరిచిందంటే గోడ మీది క్యాలెండరు ఆమె వైపు ఎగిరేది. వీధిలో పోయే కుక్క ఆగి, తనూ ఒకటి ఆవలించి మరీ వెళ్ళేది. అలా కథానాయకుడి పెళ్ళి పోయింది. వాళ్ళ నాన్న చావు పోయింది. ఊళ్ళు ముంచిన వరద మూడే మూడు ఆవలింతల్లో ఇంకిపోయింది.

ఆఖరికి నలభై పేజీలు మిగిలాయి. అవి చదివినంతసేపూ అక్క కిక్కురుమనలేదు. ఒక శుక్రవారం వాటిని గుండెకి హత్తుకుని ప్రెస్సుకి పోతే, యజమాని అరచేతిలో ఎగరేసి చూశాడు.

"ఇది నవలా, కరపత్రమా? రెండొందల పేజీలైనా లేందే నేను ముట్టుకోను. ఇవాళ నాలుగింటిదాకా చూస్తా. ఆ తర్వాత నీ చోట్లో వంటల పుస్తకం వేసుకుంటా."

రచయిత కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి అక్క ముందు కూలబడ్డాడు.

"నీ ఆవలింతలు నా కొంప ముంచాయే అక్కా."

"నా ఆవలింతలకీ నీ కొంపకీ సంబంధం ఏంట్రా?"

సంగతంతా చెప్పాడు. అక్క మిషను ఆపేసింది.

"ఓరి వెర్రినాగన్నా! పొద్దున ఐదింటి నుంచీ చొక్కాలు కుడుతున్నదాన్ని, ఆవలించక ఈలలేస్తానా? ఎవరు చదివినా ఆవలిస్తా. ఎవరూ చదవకపోయినా ఆవలిస్తా."

"మరి ఈ నలభై పేజీలకీ ఒక్కసారీ ఆవలించలేదే?"

"ఏవీ, చదువు." నాలుగు వాక్యాలు విని తల అడ్డంగా ఊపింది. "ఇది నేను విననేలేదు. నిద్రపోయుంటాన్రా."

అతనికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. "తీసేసిన పేజీలేవి?"

అక్క ముఖం పాలిపోయింది. బట్ట మీద పరిచి సుద్దముక్కతో గీసుకోవడానికి, వాటిని కాలర్లుగా, చేతులుగా, జేబులుగా ఎప్పుడో కత్తిరించేసింది. "పనికిరావని నువ్వే కదరా ఇచ్చావు," అంది చిన్నగా.

ఆ ముక్కల మూట విప్పి ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. పెళ్ళి ఎడం చేతిలో దొరికింది. నాన్న చావు రెండు జేబుల్లో సగం సగం. వరద మటుకు కాలర్ల నిండా ఉంది. అక్క ఒక్కో ముక్క వెనక కాగితం పెట్టి గుండుసూదులు గుచ్చుతుంటే, అతను ఖాళీల్లో కొత్త వాక్యాలు ఇరికించబోయాడు. ఆమె పెన్సిలు లాగేసుకుంది.

"వద్దురా. అది లేకపోయినా తెలుస్తూనే ఉంది. ముందు వరదలో చిక్కుకున్న ఆ పిల్ల వంతెన దాటిందో లేదో వెతుకు."

రచయిత ఆమె ముఖంలోకి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడుము పట్టేసినట్టుంది, అయినా నోరు మూసే ఉంది. ఆ పిల్ల కోసం వెతికాడు. ఒక భుజం ముక్కలో వంతెన దాటేసి కనిపించింది.

మూడున్నరకి రెండొందల మూడు పేజీలు తేలాయి. ఇంకోసారి చదివి దిద్దుదామనుకున్నాడు గానీ మెడ ఎత్తే ఓపిక లేదు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి, దిద్దకుండా లేచి నడిచాడు.

ప్రెస్సు యజమాని గడియారం చూశాడు, కట్ట చూశాడు. వేలికి సూది గుచ్చుకుంటే చీకుతూ మూడు పేజీలు చదివాడు. నాలుగో పేజీ కూడా తిప్పాడు.

"అచ్చువేసేవాడు నన్ను తిట్టిపోస్తాడు. సరే, పెట్టి వెళ్ళు."

రచయిత అక్కడే గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. రసీదు పుస్తకాలకని వచ్చిన మీసాలాయన ఒకడు, కట్టలోంచి వేలాడుతున్న ఒక చొక్కా చేతిని పట్టుకుని నలిపి చూశాడు.

"అంతా బానే ఉంది గానీ బాబూ, ఈ పుస్తకం ఉతికితే కురచైపోదు కదా?"