పై పెట్టె, కింద పెట్టె

కృష్ణవేణి రాసే అపరాధ పరిశోధన కథల్లో హత్యలుండవు. రక్తం చూస్తే రాసే మనిషికే కళ్ళు తిరుగుతాయి, ఇక పాఠకులకేం చూపిస్తుంది? ఆ కథల్లో పోతే ఆవకాయ జాడీ పోతుంది, లేదంటే పెళ్ళివారింట్లో సారె బిందెలోంచి కాజాలు మాయమవుతాయి. ఎవరు తీశారో కనిపెట్టేది పేరంటాల పిచ్చమ్మ అనే డెబ్భై ఏళ్ళ ముసలావిడ. పిచ్చమ్మ వేలిముద్రల జోలికి పోదు. మిగిలిన ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "పాకం పట్టిన చెయ్యి వేరు, చుట్టిన చెయ్యి వేరు" అంటుంది. అంతటితో దొంగ కాళ్ళు చల్లబడతాయి. సెల్లులో చదువుకునే కథల యాప్ ఒకదానిలో ప్రతి శుక్రవారం ఈ ముసలావిడ కోసం పదకొండు వేల మంది కాచుకుని ఉంటారంటే, ముక్తేశ్వరంలో కొబ్బరితోట మధ్యనున్న ఆ ఇంట్లో మొదట ఎవరూ నమ్మలేదు.

నాలుగేళ్ళ కిందట అమలాపురంలో ఒవెన్ కొన్నప్పటినుంచి కృష్ణవేణి ఇంట్లోనే కేకులూ బిస్కెట్లూ చేసి అడిగినవాళ్ళకి పంపుతోంది. కేకు పొంగడానికి ముప్పై అయిదు నిమిషాలు. ఆ ముప్పై అయిదు నిమిషాలూ పక్కనే పీట వేసుకుని కథ రాస్తుంది. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. దొంగ ఎవరో ముందే అనుకుని, అక్కణ్ణుంచి వెనక్కి రాసుకుంటూ వస్తుంది. అలా అయితే ఎవరైనా పట్టుకుంటారు దొంగని.

అత్తగారు రామలక్ష్మిగారికి కేకులంటే కోపం లేదు, కథలంటే అంతకన్నా లేదు. ఆవిడ పేచీ అంతా మడితోనే. గుడ్లు కొట్టిన గిన్నె పాలగిన్నె వైపు చూడకూడదు. మైదా డబ్బా మీద గుడ్ల అట్ట పెట్టకూడదు. కోడలు ఒకచోట పెట్టిన వస్తువు ఆవిడ వెళ్ళి ఇంకోచోట సర్దుతారు. కోడలు దాన్ని వెతుక్కుంటుంది. "ఇంట్లో ఒకరిని పెట్టుకుని ఊళ్ళో దొంగల్ని పడుతున్నాను" అని కృష్ణవేణి నవ్వుతూ అనేది. ఒక్కోసారి నవ్వకుండా కూడా అనేది.

ఆ బుధవారం రెండు కేకులు చెయ్యాల్సి వచ్చింది.

ఒకటి బాబ్జీగారి అమ్మాయి కీర్తి పుట్టినరోజుకి. బాబ్జీగారికి ఊరి చివర రొయ్యల చెరువులున్నాయి. వాళ్ళింట్లో కార్తీకమాసం సోమవారాలతో సరి, మిగతా రోజుల్లో గుడ్డుకేం అడ్డు లేదు. రెండోది సీతారత్నంగారికి. ఇక్కడే ఉంది సంగతంతా. ఏడేళ్ళ కిందట ఆవిడ భర్త బంగారరాజుగారికి గుండె ఆపరేషనయింది. ఆయన కళ్ళు తెరిస్తే ఏడు కార్తీకాలు బయటి తిండి ముట్టననీ, నీచన్నది గడప దాటనివ్వననీ ఆవిడ ఆస్పత్రి వరండాలోనే మొక్కుకున్నారు. ఆయన కళ్ళు తెరిచారు. ఆవిడ మాట నిలబెట్టుకుంటూ వచ్చారు. ఇది ఏడో కార్తీకం, ఇంకా మూడే రోజులున్నాయి. ఈలోగా బంగారరాజుగారికి డెబ్భయ్యో పుట్టినరోజు వచ్చిపడింది. ఆయనకి కేకు తినాలని మనసైంది.

"పరాన్నం అంటే అన్నం గదటే అమ్మాయ్, కేకు అన్నమా?" అని సీతారత్నంగారే స్వయంగా వచ్చి అడిగారు. "అయినా నీ చేతిదైతే నా చేతిదే. గుడ్డు తగలకుండా చేసి పంపు. నేనూ ఓ ముక్క తింటాను."

ఆవిడ ఈ ఏడేళ్ళలో కన్నకూతురింట్లో కూడా కార్తీకంలో మంచినీళ్ళు తాగలేదు. ఆ మాటకి కృష్ణవేణి ఒళ్ళు పులకరించింది, భయమూ వేసింది.

అందుకే ఆ ఉదయం తలస్నానం చేసి, ఒవెన్ తుడిచి, ముందు గుడ్డు లేనిది చేసింది. పెరుగూ వంటసోడా వేసి, యాలకుల పొడి చల్లి దించింది. అది పెట్టెలోకి చేరాకే గుడ్లు వంటింట్లోకి వచ్చాయి. రెండోదానిలో యాలకుల బదులు వెనిలా వేసింది. రెండిటిమీదా ఎండుకొబ్బరి తురుము జల్లింది. రెండూ ఒకే సైజు, ఒకే రంగు, ఒకేలాంటి తెల్ల అట్టపెట్టెలు. పేరు రాద్దామంటే స్కెచ్ పెన్ను ఎండిపోయింది. రెండే కదా, రాయడమెందుకు అనుకుంది. తన కథలో ఎవరైనా ఇలా అనుకుంటే పదకొండు వేల మందీ అక్కడే పట్టుకుందురు.

బల్లమీద సీతారత్నంగారిది కింద, కీర్తిది పైన పెట్టి, భర్త మురళీమోహన్‌ని కేకేసింది.

"ఏవండీ, పైది బాబ్జీగారింటికి, కిందది సీతారత్నం పిన్నిగారికి. మర్చిపోకండి."

"ఆయ్, పైది బాబ్జీగారికి" అని మురళీమోహన్ స్నానానికి వెళ్ళాడు. వచ్చి, పెట్టెలు సంచిలో పెట్టుకుని, స్కూటర్‌కి తగిలించుకుని వెళ్ళాడు. రెండిళ్ళలోనూ ఇచ్చేసి, అటునుంచి అటే ధాన్యం బేరానికి మండపేట మిల్లుకి పోయాడు.

మధ్యాహ్నం రెండయింది. కృష్ణవేణి కేకు గిన్నెలు తోముతుంటే రామలక్ష్మిగారు వాటిని తుడుస్తూ మాటవరసకి అన్నారు.

"ఎంత తెలివైనదానివైనా నీకు కొన్ని తెలీవే. మొక్కున్నోళ్ళ పెట్టె నెత్తిన గుడ్డు పెట్టె ఎక్కించేవేంటి? తప్పు గదా. వాడు స్నానంలో ఉండగా నేను మార్చేసేన్లే. సీతారత్నంది పైకి పెట్టేను."

కృష్ణవేణి చేతిలో గిన్నె జారి గచ్చుమీద పడింది.

"పైది బాబ్జీగారికని చెప్పేనండీ ఆయనకి!"

రామలక్ష్మిగారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. కృష్ణవేణికి ఆ మొహం చూసే తీరిక లేదు. పైన సీతారత్నంగారిది, కింద గుడ్డుది. పైది బాబ్జీగారికి వెళ్తే, గుడ్డుది ఎక్కడికి వెళ్ళినట్టు? లెక్క ఎన్నిసార్లు కట్టినా ఒక్కలాగే వచ్చింది.

"మీ మడి ఎవరి కొంప ముంచిందో చూసేరా? ఏడేళ్ళ మొక్కండీ! నా వస్తువులు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పేను!" అని అరిచింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అత్తగారిమీద అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు.

మురళీమోహన్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మిల్లు చప్పుడులో ఏం వినిపిస్తుంది? సీతారత్నంగారి నంబరు తీసి, మళ్ళీ ఆపేసింది. ఏమని అడుగుతుంది? తినొద్దండీ అంటే, ఎందుకు అంటారు. ఈపాటికి తినేసి ఉంటే, చేజేతులా చెప్పి చంపినట్టే. మొక్కు తప్పిందని తెలిసిన ఆడమనిషి ఇక మొగుడికి తుమ్మొచ్చినా ఆ కేకే గుర్తు చేసుకుంటుంది. బతికినన్నాళ్ళూ ఆ భయం వదలదు. తన వ్యాపారం పోతే పోనీ అనిపించింది కృష్ణవేణికి. ఆ మనిషి మనశ్శాంతి పోతే ఏ దుకాణంలో తేగలదు?

అప్పుడు తట్టింది. ఒక పెట్టెలో ఏముందో తెలిస్తే రెండో పెట్టెలో ఏముందో అడక్కుండానే తెలుస్తుంది. బాబ్జీగారింటికి వెళ్తే చాలు. చెప్పులేసుకుని బయల్దేరింది.

బాబ్జీగారి భార్య భవానీదేవి వీధిలోనే ఎదురొచ్చింది. "రండి వదినగారండీ, కేకు భలే ఉందంట, మా అమ్మాయి పెట్టె తెరిచి పదిసార్లు చూసుకుంది. ఫ్రిజ్జులో పెట్టేను."

"ఓసారి చూస్తానండీ. పంచదార సరిగ్గా వేశానో లేదోనని అనుమానంగా ఉంది."

అబద్ధమే. కానీ ఆ సమయంలో నోటికి అదే వచ్చింది. లోపలికెళ్ళి ఫ్రిజ్జు తెరవగానే రొయ్యల వాసన గుప్పుమంది. రాత్రి విందుకి నాలుగు గిన్నెలు నిండా పెట్టి ఉన్నాయి. కేకు పెట్టె మూత తీసి వాసన చూసింది. యాలకులూ లేవు, వెనిలా లేదు. ఉన్నదంతా రొయ్యే. పేరంటాల పిచ్చమ్మకి ఇలాంటి ఫ్రిజ్జు ఎప్పుడూ ఎదురవలేదు.

"చిన్న ముక్క కోసి చూడనా?"

"అయ్యో, పుట్టినరోజు కేకు కొవ్వొత్తులు ఆర్పకుండా కోస్తారేంటండీ, అచ్చిరాదు" అంది భవానీదేవి.

ఇంటర్ చదువుతున్న కీర్తి తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. ఆ పిల్ల పిచ్చమ్మ కథలు ఒక్కటి వదలదు. ఆ ముక్క కృష్ణవేణికి ఎందుకో చాలా అవసరమని కనిపెట్టినట్టుంది. "అమ్మా, అడుగువైపు కోస్తే కోసినట్టా? నా కేకు, నేనే కోస్తాను" అని పళ్ళెంలోకి బోర్లించి, అడుగునుంచి వేలెడు ముక్క తీసి అందించింది.

కృష్ణవేణి నోట్లో వేసుకుంది. పెరుగు వేసిందైతే పొడిపొడిగా విడిపోవాలి. ఇది విడిపోలేదు. మెత్తగా అణిగింది, పళ్ళకింద మళ్ళీ లేచింది. తర్వాత మెల్లిగా వెనిలా తగిలింది. ఇంకొంచెం నమిలింది. సందేహం లేదు, గుడ్డే. నాలుగు గుడ్లు కొట్టి పోసిన కేకే.

నేలమీద చతికిలబడి ఏడ్చేసింది.

"పంచదార తక్కువైందా ఆంటీ?" అంది కీర్తి కంగారుగా.

"లేదమ్మా. సరిపోయింది. అంతా సరిపోయింది."

తల్లీకూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. రాసేవాళ్ళకి కాస్త తిక్క ఉంటుందంటారు, ఇదే కాబోలు అనుకుని మంచినీళ్ళిచ్చి పంపారు.

దారిలో సీతారత్నంగారికి ఫోన్ చేసింది. ఇప్పుడు అడగడానికి భయమెందుకు?

"తిన్నారా పిన్నిగారండీ?"

"ఇద్దరం తిన్నామే. ఆయన రెండు ముక్కలు లాగించేరు. యాలకుల వాసన ఇల్లంతా ఉంది. నీ చెయ్యి చల్లగుండా!"

కృష్ణవేణి ఫోన్ గుండెలకి ఆనించుకుని కాలవ గట్టుమీద కాసేపు నిలబడిపోయింది. ఊపిరి ఇంత తేలిగ్గా ఆడుతుందని ఇన్నాళ్ళూ తెలియనట్టు పీల్చి వదిలింది. గుండెమీద బండ దిగింది. కానీ బండ దిగాక బుర్ర ఊరుకోదు కదా. అత్తగారు మార్చిన మాట నిజమైతే ఇలా ఎలా జరిగింది?

అంతలో మురళీమోహనే ఫోన్ చేశాడు. "ఏంటి వేణీ, అన్నిసార్లు చేసేవు?"

"పెట్టెలు సంచిలో ఎలా పెట్టేరండీ?"

"ఎలా పెడతారు? ఒకదానిమీద ఒకటి పెట్టేను."

"బల్లమీంచి ముందు ఏది తీసేరు?"

"పైనున్నది తియ్యక, అడుగుది లాగుతానేంటి? పైది తీసి సంచిలో పెట్టి, దానిమీద రెండోది పెట్టేను. నువ్వన్నట్టే పైది బాబ్జీగారికిచ్చేను."

"సంచిలో పైది."

"ఆయ్. మరింకెక్కడి పైది?"

కృష్ణవేణి గట్టుమీదే రెండు రాళ్ళు ఏరి, ఒకదానిమీద ఒకటి పెట్టి చూసుకుంది. పై రాయి ముందు తీసి పక్కన పెడితే అది అడుగుకి పోయింది. బల్లమీద పైనున్నది సంచిలో కిందకి వెళ్ళింది, కిందున్నది పైకొచ్చింది. అత్తగారు ఒకసారి తిప్పారు, సంచి ఇంకోసారి తిప్పింది. దాంతో ఎవరిది వాళ్ళకి చేరింది.

అక్కడిదాకా వచ్చాక ఇంకో ఆలోచన వచ్చింది. అత్తగారు ముట్టుకోకుండా ఉండి ఉంటే? తను పెట్టినట్టే గుడ్డుది పైన ఉండేది. సంచిలోకి ముందు అదే వెళ్ళి అడుగున కూర్చునేది. అడుగుది సీతారత్నంగారికి. గుడ్డు నేరుగా ఆ గడప దాటేది. తన పద్ధతే ఆ మొక్కుని ముంచేది. కాచింది ఆ మడే, ఇందాక తను నోటికొచ్చినట్టు తిట్టిన ఆ మడే. చేతిలోని రాళ్ళు కాలవలో పడేసి ఇంటివైపు పరుగులాంటి నడకతో నడిచింది.

రామలక్ష్మిగారు వీధి అరుగుమీద కూర్చుని ఉన్నారు. పెళ్ళిళ్ళకి కట్టే జరీచీర కట్టుకుని ఉన్నారు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని మొహమే చెబుతోంది.

"ఏవన్నా తెలిసిందా?" అన్నారు కోడల్ని చూడగానే.

"ఏమీ కాలేదు అత్తయ్యగారూ. గుడ్డుది బాబ్జీగారింటికే వెళ్ళింది. నేను తిని చూసేను. పిన్నిగారు యాలకులది తిన్నారు."

ఆవిడ కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించారు. కాసేపటికి తెరిచి, "మరి నేను మార్చేను గదే?" అన్నారు.

"మీరు మార్చబట్టే!" అని కృష్ణవేణి సంచి సంగతంతా చెప్పింది. ఆవిడకి ఒక పట్టాన ఎక్కలేదు. రెండు చెప్పులు ఒకదానిమీద ఒకటి పెట్టి చూపించాక ఎక్కింది. ఎక్కగానే మొహం మళ్ళీ ముడుచుకుంది.

"అయితే దారంతా గుడ్డుదే మీదుందా?"

"సంచిలో ఉన్నంతసేపు ఉందండీ."

రామలక్ష్మిగారు బాగా ఆలోచించారు. "ప్రయాణంలో దోషం లేదులే" అని తీర్పిచ్చారు.

కృష్ణవేణికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. అరుగు కింద కూర్చుని ఆవిడ మోకాళ్ళు పట్టుకుంది. "ఇందాక అనరాని మాటలన్నాను. నా తప్పు క్షమించండి."

"నువ్వన్నది ఎంతే? సగమే అన్నావు. మిగతా సగం నన్ను నేనే అనుకున్నాను."

"ఈ చీరేంటండీ?"

ఆవిడ కొంగు సర్దుకుంటూ పక్కకి చూశారు. "సీతారత్నం ఇంటికెళ్ళి చెబుదామని కట్టుకున్నాను. మా కోడలికేం తెలీదు, కేకులో గుడ్డు వేసింది నేనే, నా చాదస్తం కొద్దీ గిన్నెలు మార్చేసేను, ఆ పాపం నాకు తగల్నీ అని చెబుదామనుకున్నాను. పెద్దదాన్ని, నన్ను తిట్టి ఊరుకుంటుంది. నిన్నంటే మళ్ళీ నీ చేతిది తినదు గదే. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళేను. కాళ్ళు రాలేదు."

కృష్ణవేణి ఎన్ని కథలు రాసింది! చెయ్యని తప్పు నెత్తిన వేసుకోవడానికి జరీచీర కట్టుకున్న మనిషి ఒక్క కథలోనూ రాలేదు. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఉండిపోయింది. రామలక్ష్మిగారు తల నిమురుతూనే, కోడలి జుట్టుకి అంటిన మైదా దులిపారు.

"చీర మార్చకండి" అంది చివరికి కృష్ణవేణి లేస్తూ. "అన్నం తిని ఇద్దరం వెళ్ళి బంగారరాజు బాబాయిగారికి దణ్ణం పెట్టి వద్దాం. పిన్నిగారికి జరిగిందంతా చెప్పెయ్యనా?"

"మొక్కు తీరేదాకా నోరెత్తావంటే ఊరుకోను" అన్నారు రామలక్ష్మిగారు. "తీరేక నేనే చెబుతాను. ఇద్దరం నవ్వుకుంటాం. పద, ఆకలేస్తోంది."