పోత అన్న పిల్ల

మా సాయిప్రియ ఫోన్‌లో నలుగురు ఆడపిల్లలు ఉంటారు. పెద్దగా మాట్లాడుకోరు. ఎవరి గదిలో వాళ్లు కెమెరా పెట్టుకుని, తల వంచుకుని చదువుకుంటారు. మా పిల్ల కూడా ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి పొద్దున కూర్చుంటే మళ్లీ అన్నానికే లేస్తుంది. గ్రూప్స్ పరీక్షకట. ఒక్కతే చదివితే మనసు ఎటో పోతుందట, అవతల ఇంకొకరు చదువుతుంటే తనకూ చదవబుద్ధవుతుందట.

నాకు మాత్రం భయమే. వాళ్లెవరో, వాళ్ల వెనక ఎవరున్నారో. ముఖం కనపడితే చాలు, ఫొటో తీసి ఏమేమో చేస్తారని టీవీలో రోజూ చూపిస్తున్నారు. అందుకే కూరగాయలు ముందేసుకుని అదే గదిలో కూర్చునేదాన్ని. మా అమ్మ ఉండగా సీసీ కెమెరా దండగ అని సాయిప్రియ వాళ్లను నవ్వించింది.

అట్లా చూసి చూసి ఆ పిల్లలు నాకు తెలిసిపోయారు. అందరిలో చిన్నది రాణి. చౌటుప్పల్ దగ్గరి పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి కోచింగ్‌కు పోతుంది. తింటూ కూడా చదివేది. నేను కనపడితే ఏం కూర అమ్మా అని అడిగేది. కెమెరా ముందు నుంచి ఎప్పుడు లేచినా, మంచినీళ్లకైనా సరే, "పోయొస్త అక్కా" అనేది. పెద్దవాళ్లు నేర్పిన మాట. మా దిక్కు ఎవరూ ఒట్టిగా పోత అనరు. పోత అంటే తిరిగి రానట్టే. ఎవరైనా నోరు జారితే మా అత్త ఆ మనిషిని మళ్లీ లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి పంపేది.

మొన్న ఫలితాలు వచ్చాయి. సాయిప్రియ పేరు లేదు, రాణి పేరూ లేదు. మా పిల్ల ఏడ్చి, ముఖం కడుక్కుని మళ్లీ ఫోన్ ముందు కూర్చుంది. మిగతావాళ్లూ వచ్చారు కానీ ఎవరూ పుస్తకం తెరవలేదు. కాసేపటికి రాణి చున్నీ సర్దుకుంది.

"పోత అక్కా. పోత అమ్మా."

ఫోన్‌లో ఆమె కనిపించే గడి నల్లబడింది.

"పోత అన్నది," అన్నాను.

"పండుకుంటదేమో అమ్మా."

"పోయొస్త అనలే. ఫోన్ చెయ్."

"నీకు తుమ్మినా చావే గుర్తొస్తది. బస్సు లేటైతే యాక్సిడెంట్, తలనొప్పొస్తే క్యాన్సర్. గా పిల్లనన్న జర ఒదిలెయ్."

నిజమే, నేను భయపడ్డవాటిలో ఒక్కటీ జరగలేదు. అయినా లేచి చెప్పులేసుకున్నాను. నా పోరు పడలేక సాయిప్రియ ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. ఇంకోసారి చేసింది. అప్పుడు దాని ముఖం మారింది. ఒకసారి నోట్సు పంపింది కనుక హాస్టల్ ఎక్కడో తెలుసు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాము.

హాస్టల్ చూసుకునే వేదవతి గారిది గుంటూరు వైపు. బయటివాళ్లను పైకి పంపనన్నారు. రాణికి పిన్నినని చెప్పాను.

"పడుకునుంటుందండీ. ఇవాళ అందరూ అంతే," అంటూ ఆవిడే ముందు మెట్లెక్కారు.

లోపల గడియ. ఎంత పిలిచినా పలకలేదు. వాచ్‌మన్ వచ్చి తలుపు విరగ్గొట్టాడు. ఏదో మింగి కింద పడి ఉంది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

మలక్‌పేటలో ఒక దవాఖానకు తీసుకుపోయాము. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. సాయంత్రానికి కళ్లు తెరిచింది. సాయిప్రియను గుర్తుపట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

వేదవతి గారు కబురు చేస్తే రాణి తండ్రి బిక్షమయ్య వచ్చాడు. మేస్త్రీ పని, చేతులకు ఇంకా సిమెంటు ఉంది. పిన్ని తెచ్చి చేర్పించిందని నర్సు చెప్పినట్టుంది, నాకు దండం పెట్టాడు.

"మాకు పట్నంల చుట్టాలెవ్వరు లేరు అక్కా. మీరెవరు?"

నేను నోరు తెరిచేలోపే సాయిప్రియ చెప్పింది.

"ఫోన్ల కలిసి చదువుకుంటం బాపూ. రోజూ."

"ఇంతకుముందు ఎప్పుడన్న కలిసిన్రా?"

"లేదు. ఇయ్యాల్నే."

ఆయన వేదవతి గారిచ్చిన సంచిలోంచి రాణి ఫోన్ తీసి, పురుగును చూసినట్టు చూశాడు.

"పొద్దంత ఫోన్ల ఉన్నదంటే సదువే అనుకున్న. గిదే నా బిడ్డను తిన్నది. ఇగ ఫోన్ లేదు, పట్నం లేదు. ఊళ్లనే ఉంటది."

వారం కింద అయితే నేనూ ఆ మాటే అనేదాన్ని. ఆ ఫోన్‌లో పోత అన్న మాట విన్నందుకే కదా అన్నా, మేము ఉరికొచ్చింది అని, నాకు చేతనైనట్టు చెప్పాను. ఇది ఉండనియ్యి, వీళ్లతో మాట్లాడనియ్యి అని బతిమాలాను. అన్నిటికీ తలూపాడు. మీ రుణం తీర్చుకోలేనన్నాడు. ఫోన్ మాత్రం లోపలి జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు.

"నువ్వు పనికి పోతే ఇంట్ల ఎవరుంటరు అన్నా?"

"తల్లి లేదు గద. అదొక్కతే ఉంటది," అని, ఆయన బిడ్డ దగ్గరికి లోపలికి పోయాడు.