పన్నుకి మాత్రమే నొప్పి

తను శరీరం కాదనీ, మనసు అంతకన్నా కాదనీ బ్యాంకు మేనేజరు గారికి ఆదివారం వేదాంతం క్లాసులో తెలిసింది. ఆనాటి నుంచీ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. కూరలో ఉప్పు తక్కువైతే గిన్నె విసిరేది ఆయన కాదు, ఆయన మనసు. ఏరుకునేది మాత్రం భార్యే. ఇదేం పద్ధతని ఆవిడ అడిగితే, ఆ మాట మనసునే అడగమనేవారు.

అంతటి జ్ఞానికి దవడపన్ను సలపడం మొదలెట్టింది. దవడ పట్టుకుని హాల్లో పచార్లు చేశారు. చేసింది శరీరమేననుకోండి.

పీకించక తప్పదని తేలాక, మత్తు సూది లేకుండానే పీకించుకుంటానని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రకటించేశారు. ఇప్పుడు వెనక్కి తగ్గితే లిఫ్టులో తలెత్తుకోలేరు. పైగా, తన వేదాంతానికి పళ్లికిలించే బావమరిదిని దగ్గరుండి చూడమని వెంటబెట్టుకెళ్లారు. అతనిది టైర్ల షాపు. ఆత్మ గురించి చెప్పబోతే, కారులో గాలి చూపించుకున్నారా బావగారూ అని అడిగే రకం.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది. పక్కపక్కనున్న రెండు పళ్లూ అనుమానంగానే ఉన్నాయి. ఇక ఒక్కోదాన్నీ తట్టి చూడాలి, ఏది నొప్పో పేషెంటు చెప్పాలి. ముందుదాన్ని తట్టింది. మేనేజరు గారు చిరునవ్వు నవ్వారు. వెనకదాన్ని తట్టింది. అదే నవ్వు. కన్నీళ్లు వెయిటింగ్ రూము నుంచే కారుతున్నాయి కాబట్టి వాటినిబట్టీ ఏమీ తేలలేదు.

"నొప్పుందా అండీ?"

"పన్నుకుంది. నాకు లేదు. నేను సాక్షిని."

"మరి సాక్ష్యం చెప్పండి. ఏ పన్నుకి?"

ఈ ప్రశ్న క్లాసులో రాలేదు. వేలు పెట్టి చూపిస్తే నొప్పి తెలిసినట్టే. తెలిస్తే బావమరిది ఊరుకోడు. తనకి రెండూ సమానమేనని గంభీరంగా సెలవిచ్చారు. సూది వద్దనీ మళ్లీ చెప్పారు.

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎక్కువ నల్లబడ్డ ముందు పన్నుకి పట్టకారు బిగించింది. పైకి నల్లగా ఉన్నా అది నిక్షేపంలాంటి పన్ను. మేనేజరు గారి గొంతులోంచి దూడ అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది.

ఆమె ఆగి, అరిచింది ఆయనా, శరీరమా అని బావమరిదిని అడిగింది.

"శరీరమేనండి. మీరు కానివ్వండి," అన్నాడతను.

మేనేజరు గారు ఆమె చెయ్యి పట్టేసుకున్నారు. పట్టకారు బయటికొచ్చింది.

"అది కాదమ్మా, దాని వెనకది. నాదే. నొప్పి నాదే. సూది కూడా నాకే వెయ్యండి."

"'నేను శరీరాన్ని' అనుకోవడం పొరపాటే కావచ్చు బావగారూ," అన్నాడు బావమరిది, "కానీ ఏ పన్ను పీకాలో చెప్పడానికి అదొక్కటే పనికొచ్చింది."

సూది పడింది, పన్ను ఊడింది. ఇంటికెళ్తూ కారు అద్దంలో చూసుకుంటూ మేనేజరు గారు చెంప గిల్లుకున్నారు. మళ్లీ గిల్లుకున్నారు. మత్తెక్కిన ఆ సగం మొహం ఎవరో పరాయివాడిదిలా ఉంది. తను శరీరం కాదన్న సంగతి ఆయనకి మొట్టమొదటిసారి అనుభవంలోకి వచ్చింది. బావమరిదికి చెబుదామని ఆత్రంగా పక్కకి తిరిగారు.

నోరు తిరగలేదు.