జీడి గుర్తు

ఆదినారాయణ కిరాణా కొట్టు నుంచి కొవ్వొత్తుల పెట్టె తిరిగొచ్చింది. ఒక్క కట్ట కూడా అమ్ముడుపోలేదు. జూలై జల్లుకు కొట్టు పెంకుల సందున నీళ్ళు కారి, వనజ వంకర లేకుండా రాసి అంటించిన కాగితం లేబుళ్ళన్నీ నానిపోయాయి. "వనజ కొవ్వొత్తులు, భద్రాచలం" అన్న అక్షరాలు సిరాగా కరిగి తెల్లటి మైనం మీద నీలి చారలు దిగాయి.

"దెబ్బలు తిన్న ఒళ్ళు లెక్కున్నయ్ గదమ్మా, ఎవరు కొంటరు?" అన్నాడు ఆదినారాయణ. "కొవ్వొత్తి అమ్మేదే వానాకాలం. నీళ్ళకు నిలవని లేబుల్ ఎందుకు?"

మాట న్యాయమైనదే. అందుకే వనజకు మరింత మండింది. డ్వాక్రా శిక్షణలో ఇరవై మంది ఈ పని నేర్చుకుంటే పందొమ్మిది మంది అచ్చులను అటక మీద పడేసి మరిచిపోయారు. వనజ ఒక్కతే మరవలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆమె. ఆ గుణం వల్లే ఇల్లు నిలబడిందని చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆమెతో కాపురం చేస్తున్న సంపత్‌ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ వారమంతా ఇల్లు ప్రయోగశాల అయింది. కాగితం మీద ఫెవికాల్ పూసింది. వాన తగలగానే అది పాలలా తెల్లబడింది. ప్లాస్టిక్ టేపు చుట్టింది. మైనం మీద టేపు ఆగదు, జారి కింద పడింది. జిరాక్సు తీయించి అంటించింది. అక్షరం నిలిచింది కానీ కాగితమే ముద్దయిపోయింది. కాగితాన్ని మైనంలో ముంచితే అంచుల నుంచి నీళ్ళు లోపలికి పాకాయి. లారీలకు సరుకెత్తే కూలి పని నుంచి సాయంత్రం ఇంటికొచ్చిన సంపత్, గిన్నెల నిండా తేలుతున్న లేబుళ్ళను చూసి, "ఇయ్యాల కూరనా ఇది?" అని అడిగేవాడు.

సంత రోజున చిన్నక్క వచ్చింది. అడవి అంచు ఊరి మనిషి, వనజ తల్లి వయసుది. చింతపండో తేనెమైనమో తెచ్చి సంతలో అమ్ముకొని, తిరిగి బస్సెక్కే ముందు వనజ వాకిట్లో కూర్చొని చెంబెడు నీళ్ళు తాగి పోవడం ఆమెకు అలవాటు. గిన్నెల్లోని ముద్దలు చూసి పడీపడీ నవ్వింది.

"కాగితమేంది బిడ్డా? గుడ్డ మీద రాయి. చాకలోళ్ళు బట్టల మీద జీడి గుర్తు పెట్టరా? బట్ట పీలికలైనా గుర్తు పోదు."

గంపలో నుంచి నల్లజీడి గింజలు నాలుగు తీసి ఇచ్చింది. గింజలో సూది గుచ్చి, మొనకు అంటిన రసంతో రాయాలి. రాసిన చోట తడి సున్నం అద్దాలి. గోధుమ రంగు గీత చూస్తూ ఉండగానే కాటుకలా నల్లబడుతుంది.

"చెయ్యికి తాకనియ్యకు, పొక్కుతది," అంది చిన్నక్క లేస్తూ. "పెట్టేటప్పుడే మంచిగ చూసుకొని పెట్టు. ఒకపారి పెట్టినంక దేవుడు దిగొచ్చినా తియ్యలేడు. జీడి గుర్తున్న బట్ట ఏ రేవుల పడ్డా, పెట్టినోళ్ళ చేతికే వస్తది."

"గట్లనే గదా కావాల్సింది," అంది వనజ.

పాత పంచె చింపి రెండు వేళ్ళ వెడల్పు పీలికలు చేసింది. ప్రతి పీలిక మీదా పేరు, ఊరు, పెట్టె నంబరు, మూలన ఒక సున్నా చుట్టి మధ్యలో "వ". ఆరిన పీలికను కరిగిన మైనంలో ముంచి, కొవ్వొత్తి ఇంకా వెచ్చగా ఉండగానే బొటనవేలితో నొక్కేది. చల్లారాక గుడ్డ ఏదో మైనం ఏదో తెలిసేది కాదు. ఒక కొవ్వొత్తిని మూడు రోజులు బకెట్లో ముంచి ఉంచింది. నాలుగో రోజు తీస్తే అక్షరం చెక్కుచెదరలేదు. వనజ ఆ తడి కొవ్వొత్తిని పట్టుకొని వాడంతా తిరిగి చూపించింది. కుడి చూపుడువేలు మీద జీడి పొక్కి, మానినా నల్లటి మచ్చ మిగిలిపోయింది. దాన్ని కూడా గర్వంగానే చూపించింది.

"మనిషి కొట్టుకపోయినా లేబుల్ మిగిలేటట్టుంది గదనే," అన్నాడు సంపత్.

"మనిషికి గూడ వేస్త, రా!" అని అతని మెడ వంచి పట్టుకొని, ఒంటి మీద ఉన్న గళ్ళ చొక్కా కాలరు మడత తిప్పి, సూదితో సున్నా చుట్టి "వ" రాసింది. అతను చక్కిలిగింతలకు మెలికలు తిరిగిపోయాడు. "ఇగ నువ్వేడ తప్పిపోయినా నా దగ్గరికే తెచ్చిస్తరు," అని సున్నం అద్దింది. ఆ రోజు ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

మొదటి రెండు పెట్టెలూ భద్రాచలంలోనే అమ్ముడుపోయాయి. మూడో పెట్టె తయారయ్యేసరికి ఆగస్టు వచ్చింది, దానితో పాటు ముసురు. పైనుంచి వరద దిగుతోందన్నారు. గోదావరి నలభై మూడు అడుగులు దాటింది. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఆ పొద్దునే ఆదినారాయణ కబురు తెచ్చాడు. ఏటికి అవతల, మణుగూరు వైపు ఊళ్ళలో నాలుగు రోజులుగా కరెంటు లేదట. అక్కడున్న అతని బావమరిది కొట్టుకు కొవ్వొత్తులు ఎన్నున్నా కావాలట. వంతెన దాటాక రోడ్డు అప్పటికే మునిగిందట. ఇటునుంచి బస్సులో పోయి, ఎగువ రేవు దగ్గర పడవ దాటితే చాలు.

"నీళ్ళు తగ్గినంక పోతలే," అన్నాడు సంపత్.

"నీళ్ళు తగ్గితే కరెంటొస్తది. కరెంటొచ్చినంక కొవ్వొత్తి ఎవరిక్కావాలె? దీపం ఉండంగనే ఇల్లు చక్కబెట్టుకోవాలె."

సంపత్ తల్లాడ దగ్గర పొలాల మధ్య పెరిగినవాడు. మోకాటి లోతు కాలువ తప్ప నీళ్ళు ఎరగడు. పెళ్ళై ఆరేళ్ళైనా కరకట్ట మీద నిలబడి గోదావరిని చూడటమే తప్ప దిగి స్నానం చేసినవాడు కాదు.

"నాకు ఈత రాదే," అన్నాడు చిన్నగా.

"ఈత గొట్టమన్ననా? పడవెక్కమన్న. పెట్టె తడుస్తదని భయపడకు, నా లేబుళ్ళకేం గాదు."

ఆ మాట నోటి నుంచి వచ్చినప్పుడు వనజకు ఏమీ అనిపించలేదు. సంపత్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత గళ్ళ చొక్కా తొడుక్కొని, పెట్టె భుజాన వేసుకొని, "పోయొస్త" అని వానలోకి దిగాడు.

మరునాటికి రెండో హెచ్చరిక, ఆ మరునాటికి మూడోది. పల్లపు వీధిలోకి నీళ్ళు రావడంతో వనజ అచ్చులు మూటగట్టుకొని మిగతావాళ్ళతో పాటు మిట్ట మీది బడికి చేరింది. సంతకొచ్చి రోడ్లు తెగిపోవడంతో చిక్కుకుపోయిన చిన్నక్క కూడా అక్కడికే వచ్చింది. ఫోన్లు పనిచేయడం లేదు. సంపత్ అవతలి ఒడ్డున చిక్కుకుపోయి ఉంటాడని అందరూ అన్నారు. వనజ అందరికంటే గట్టిగా అంది. అన్నప్పుడల్లా చూపుడువేలి మీది మచ్చను గోటితో గీరుకుంటూ ఉంది.

మూడోనాడు మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. వనజ కరకట్ట మీదికి వెళ్ళింది, వెనకే చిన్నక్క. గోదావరి ఎర్రగా, అవతలి గట్టు కనబడకుండా పోతోంది. గడ్డివాములు, పాకల కప్పులు, కాళ్ళు పైకెత్తిన గొడ్లు. ఇంత నీరు పోతుంటే హోరు ఉండాలి కదా. అది పెద్దగా చప్పుడు లేకుండా పోతోంది.

కట్ట వంపు దగ్గర నలుగురు గుమిగూడి వెదురు గడలతో ఏదో లాగుతున్నారు. "కొవ్వొత్తులు! కట్టలకు కట్టలు తేలుకుంట వస్తున్నయ్!" అని కేక వేశారు.

మైనం నీళ్ళలో మునగదు. ఆ సంగతి వనజకు తెలియనిది కాదు, ఇంతవరకు తలపుకు రాలేదు, అంతే. ఒకడు తెచ్చి చేతిలో పెట్టిన కట్టను తుడవాల్సిన అవసరమైనా లేకపోయింది. వనజ కొవ్వొత్తులు, భద్రాచలం, మూడు. రాసిన నాడు ఎంత నల్లగా ఉందో అంత నల్లగా ఉంది. తాను వేసిన ఎర్రదారం ముడి వేసినట్టే ఉంది.

"అమ్మేసి ఉంటడు," అంది వనజ. "అమ్మినంక కొట్టు మునిగి ఉంటది. అంతేగదా చిన్నక్కా?"

చిన్నక్క వచ్చి పక్కన నిలబడింది.

ఆ సాయంత్రం బడిలో కరెంటు లేదు. ఏరుకొచ్చిన కొవ్వొత్తులను తలా ఒకటి పంచుకొని వెలిగించారు. ఒక్కో కుటుంబం ముందు ఒక్కో వెలుగు. "ఎన్ని నీళ్ళల్ల నానినా పేరు చెరగలే, ఎంత మంచిగ చేసినవే!" అని వచ్చినవాళ్ళు వచ్చినట్టు మెచ్చుకున్నారు. కాగితం లేబులే అయి ఉంటే ఇవి ఎవరివో ఎవరికీ తెలిసేది కాదు. తాను కూడా అందరిలాగే ఒకటి వెలిగించుకొని, మొగుడు అవతలి ఒడ్డున ఉన్నాడనుకొని కూర్చునేది. వనజ తన ముందు పెట్టిన కొవ్వొత్తిని ఊది ఆర్పేసింది.

తెల్లవారాక కానిస్టేబుల్ లాల్‌సింగ్ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. వరండాలో ఒక ఆరిపోయిన కొవ్వొత్తిని తీసి, దాని లేబులు వైపు చాలాసేపు చూశాడు. తరువాత వనజ ఎవరని అడిగాడు.

"పైన రేవుల పడవ తిరగబడ్డదమ్మా, మొదటి హెచ్చరిక నాడే. ఐదుగురు ఒడ్డుకొచ్చిన్రు, ముగ్గురు రాలే. రాత్రి వంతెన కింద తుమ్మపొదల్ల ఒకాయన దొరికిండు. జేబుల కాగితాలు ముద్దైనయ్, ఏం తెలుస్తలేదు." అతను కవరు విప్పి బురద పట్టిన చొక్కా తీసి, కాలరు మడత తిప్పాడు. "ఈ గుర్తు ఉన్నది. ఊళ్ళె చాకలోళ్ళను అడిగితే మాది కాదన్నరు. ఈ కొవ్వొత్తి మీద గూడ గిదే ఉన్నది. నీ రాతేనా అమ్మా?"

వనజ చూడాల్సిన దానికంటే ఎక్కువసేపే చూసింది.

"చాకలి గుర్తు సారూ," అంది. "ఊళ్ళె అందరి చొక్కాలకు ఉంటది. నా మొగుని చొక్కాకు గుర్తే లేదు. కావాలంటే చూడున్రి, ఇప్పుడే పోతది."

చొక్కా అతని చేతిలో నుంచి లాక్కుంది. లాల్‌సింగ్ ఆపబోయి, ఆమె వేలి మీది నల్లటి మచ్చను చూసి ఆగిపోయాడు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు. వనజ కుళాయి దగ్గర చతికిలబడి ఎవరిదో సబ్బు బిళ్ళ అందుకొని కాలరు రుద్దడం మొదలుపెట్టింది. ముందు బురద పోయింది. తరువాత గళ్ళు కనబడ్డాయి. బురద పోయేకొద్దీ సున్నా, సున్నాలో "వ" మరింత నల్లగా తేలుతూ వచ్చాయి. బండ మీద వేసి రుద్దింది. కాలరు నూలు చిట్లి పోగులు లేచాయి కానీ అక్షరం కదల్లేదు.

చిన్నక్క వచ్చి పక్కన కూర్చొని ఆమె మణికట్టు పట్టుకుంది.

"అది పోదు బిడ్డా."

వనజ చెయ్యి విడిపించుకొని మళ్ళీ సబ్బు రాసింది.