రాజవ్వ డబ్బాలోని మైనపు బిళ్ళ

కోరుట్ల బడికి సెలవు పెట్టి, పదకొండు నెలల తర్వాత విజయ సిరిసిల్లలో అత్తగారి గడప ఎక్కింది. రాజవ్వ కూర్చొమ్మనలేదు. ఇయ్యాల సెలవు దొరికిందా అని మాత్రం అడిగింది.

గోడకున్న భర్త సంపత్ ఫోటో కింద స్టీలు డబ్బా అలాగే ఉంది. అందులో మైనపు బిళ్ళ, ఆ మైనంలో సంపత్ ఊపిరితిత్తి ముక్క, గోరంత. జబ్బేమిటో తేల్చడానికి తీసిన ముక్కను ల్యాబ్ వాళ్ళు అలా మైనంలో పొదిగి తిరిగిచ్చారు. కొడుకు ఒంట్లో కాలకుండా మిగిలింది అదొక్కటేనని, ఏడాది మాసికం నాడు ధర్మపురి గోదావరిలో కలపాలని రాజవ్వ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. రోజూ దాని ముందు ఇంత బువ్వ పెట్టాకే తాను తింటుంది. మాసికానికి ఇంకా పన్నెండు రోజులుంది.

విజయ నిలబడే చెప్పింది. కరీంనగర్లో సింధూజ అనే డాక్టరు, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టినా తగ్గని ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోంది. ఆ ముక్క ఆమెకు కావాలి.

"తగ్గకపోవుడేంది టీచరమ్మా," అంది రాజవ్వ, వాకిట్లో వాళ్ళకు కూడా వినపడేలా. "ముప్పై దినాలు పెట్టాలంటే, రెండు దినాలు నువ్వు పరీక్షల డ్యూటీకి పోలే? నా కొడుకు ఒక్కడు ఎట్ల పోతడు దవాఖానకు?"

ఈ మాట ఏడాదిగా వాడంతా తిరుగుతోంది. తప్పిన ఆ రెండు రోజుల కరెంటూ చివర్లో పెట్టించామని విజయ మొదట్లో అందరికీ చెప్పేది. తనకే నమ్మకం చాలని మాట ఎంతమందికని చెబుతుంది? మానేసింది.

సింధూజ తనకు చెప్పింది మాత్రం అత్తకు చెప్పింది. కరెంటు జబ్బు కణంలోని డీఎన్ఏను తెంపుతుంది. కణంలో మైక్రో ఆర్ఎన్ఏలని చాలా చిన్నవి ఉంటాయి. ఏ పని సాగాలో, ఏది ఆగాలో సర్దేవాటిలో అవీ ఉన్నాయి. వాటిలో కొన్ని హెచ్చితేనో, తగ్గితేనో, తెగినదాన్ని కణం మళ్ళీ అతుక్కుని బతికిపోతుంది.

నలభై ఏళ్ళు సాంచలకు, అంటే మరమగ్గాలకు, నూలు కండెలు చుట్టిన రాజవ్వ వేళ్ళు కొంగు మీద ఆగాయి. "సాంచ మీద పోగు తెగితె అతికినట్ల."

"గట్లనే అత్తమ్మా."

"అయితె గా రెండు దినాలకే నా కొడుకు పోయిండా లేదా, గిది చెప్తదా?"

అవునంటే డబ్బా చేతికొస్తుంది. ఇదే ప్రశ్న విజయ సింధూజను మూడుసార్లు అడిగింది. ఎంతోమంది ముక్కలు కలిపి చూస్తామని, ఒక్క మనిషి గురించి అలా తేల్చలేమని మూడుసార్లూ ఒకటే జవాబు.

"చెప్పది," అంది విజయ.

"మరెందుకు?"

"రేపు ఇంకొకలకు కరెంటు పనిచేస్తదో లేదో ముందే తెలుస్తదేమో. గది గూడ ఎప్పటికో."

రాజవ్వ ఫోటో కింది డబ్బా అందుకుంది.

"చెప్తదంటవనుకున్న. గట్లన్నవంటె గడప దింపుతుంటి."

ముక్కంతా పోతుందా అని అడిగింది. పోదని, వెంట్రుక కంటే పలుచగా పది పొరలు కోసి మాసికం లోపే బిళ్ళ తిరిగిస్తారని విజయ చెప్పింది. రాజవ్వ డబ్బాను తువ్వాలలో చుట్టింది. విజయ చెయ్యి చాచితే, తన చంకలో పెట్టుకుంది.

బస్సులో విజయకూ తనకూ మధ్య సీటు ఖాళీగా వదిలి రాజవ్వ కిటికీ పక్కన కూర్చుంది. డబ్బాను కరీంనగర్ దాకా ఒళ్ళోనే పెట్టుకుంది. దిగబోతూ అంది:

"గా రెండు దినాలు నీ మీదనే ఉన్నయి, గట్లనే ఉంటయి. పది పొరలన్నవు. ముందట కూసోని లెక్కవెడత. పదకొండోది కోస్తె ఊకోను."